చివరి ఆరు పేజీలు

జాబితాలో మొదటి నాలుగు నాటకాలూ పది నిమిషాల్లో తేలిపోయాయి. ఐదో అంకె దగ్గరికి వచ్చేసరికి సూర్యప్రకాశరావు పెన్ను మూత బిగించి, బల్ల చివర కూర్చున్న స్ఫూర్తి వైపు చూశాడు.

ఫిల్మ్‌నగర్ వాలులో కింద కాఫీ హోటలు, దాని మీద జిమ్ము, ఆ పైన మూడో అంతస్తులో ఉంటుంది ఆయన నటనా కళాశాల. ఒకప్పుడు ఆయన సినిమాలు తీశాడు. ఆ పోస్టర్లు ఫ్రేములు కట్టి గోడలకి తగిలించి ఉంటాయి. రంగు వెలిసిపోయి హీరోల మొహాలన్నీ ఒకే నీలంలోకి దిగాయి. ఈ ఏడు కళాశాలకి విశ్వవిద్యాలయం గుర్తింపు దొరికింది. దానితో పాటు ఒక చిక్కూ వచ్చింది. రెండేళ్ళ కోర్సులో ఐదు తెలుగు నాటకాలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చెప్పాలి. ఆ ఐదూ ఏవో తేల్చి, పూర్తి ప్రతులతో సహా సోమవారానికల్లా పంపాలి.

సూర్యప్రకాశరావు కొలత ఒక్కటే. నాటకంలోంచి రెండు నిమిషాల ముక్క తెంపి ఆడిషన్‌లో చేస్తే అది నిలబడాలి. ఆ కొలత ప్రకారమే కోర్టు బోనులో అరిచే ఖైదీ, తాగుబోతు తండ్రి, పిచ్చి మాస్టారు, దొంగ స్వామి జాబితాకెక్కారు. నలుగురూ మగవాళ్ళే.

స్ఫూర్తి మీటింగుల్లో మాట్లాడే మనిషి కాదు. జనగామ అవతల ఒక పల్లెలో సర్కారు బడిలో చదువుకుని, తర్వాత హైదరాబాదులో రంగస్థల కళల్లో ఎమ్మే చేసి, ఇక్కడ పాఠాలు చెప్పడానికి చేరి రెండేళ్ళయింది. నోరు తెరిస్తే యాస దొర్లుతుందని మొదట్లో ఊరుకునేది. పోను పోను ఊరుకోవడమే అలవాటయింది. ఆ రోజు మాత్రం, క్లాసులో తొమ్మిది మంది ఆడపిల్లలున్నారు, వాళ్ళకి ఇందులో ఏముంది సర్ అని అడిగింది.

"నువ్వే చెప్పమ్మా," అన్నాడాయన. "ఉంటే పెడదాం. నాదేం పోయింది."

"బయటి గొళ్ళెం," అంది స్ఫూర్తి.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ఆ పేరు విన్నవాళ్ళు లేరు. సత్యనారాయణమూర్తి అనే బడిపంతులు రాశాడనీ, ఆయన పోయి చాలా కాలమైందనీ, గుంటూరు వైపు ఒక నాటక సమాజం వాళ్ళు ఊరూరా పోటీల్లో ఏళ్ళ తరబడి ఆడారనీ, అచ్చు మాత్రం కాలేదనీ చెప్పింది. నువ్వు చూశావా అని ఆయన అడిగాడు. చూడలేదు సర్, అందులో సుభద్ర వేషం మొత్తం విన్నాను, ఆ వేషం వేసినావిడ మా పక్క గదిలోనే ఉంటారు, పాఠం చెప్పడానికి ఆవిణ్ణే పిలవచ్చు అని, మధ్యలో ఆగితే మళ్ళీ అనలేనేమోనన్నట్టు ఒక్క ఊపిరిలో అనేసింది.

సూర్యప్రకాశరావు కాసేపు గడ్డం గోక్కున్నాడు. సరే, శనివారం పిల్లల చేత ఒకసారి చదివిద్దాం, ఆవిణ్ణీ రమ్మను, పూర్తి ప్రతి దొరికి, విన్నాక బాగుందనిపిస్తే ఐదోది అదే అన్నాడు. దొరక్కపోతే తన స్నేహితుడు రాసిన పోలీసు నాటకం ఒకటి ఎటూ సిద్ధంగా ఉంది.

*

లీలాకుమారి గొంతు స్ఫూర్తికి మొదట గోడలోంచి పరిచయమైంది. కృష్ణానగర్‌లో వాళ్ళ గదుల మధ్య గోడ ఒక్క ఇటుక మందం. పొద్దున్నే అంట్లు తోముకుంటూ ఆవిడ తన పోర్షన్ వల్లించుకునేది. నాటకం వాళ్ళ భాషలో పోర్షన్ అంటే ఒక్క వేషం మాటలు మాత్రమే ఎత్తి రాసిన పుస్తకం. అవతలి వేషాల మాటల్లో చివరి రెండు మూడు ముక్కలే అందులో ఉంటాయి, ఎక్కడ అందుకోవాలో తెలియడానికి. లీలాకుమారి ఒక మాట చెప్పి ఆగేది. ఎదుటివాడి మాటకి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆగి, మళ్ళీ అందుకునేది. గోడకి ఇవతల జడ వేసుకుంటున్న స్ఫూర్తికి ఆ ఖాళీల్లో కూడా ఎవరో మాట్లాడుతున్నట్టే ఉండేది.

ఇంటి ఓనరు బుచ్చమ్మ కింద నుంచి గొణిగేది. "ఓ లీలమ్మా, నీ మొగనితోని జర మెల్లగ కొట్లాడరాదు. నల్లా వచ్చిన చప్పుడు గూడ వినబడ్తలేదు."

"మా ఆయన ఊళ్ళో లేడు బుచ్చమ్మా. నేను కొట్లాడేది సుభద్ర మొగుడితో," అనేది లీలాకుమారి.

ఆవిడకిప్పుడు అరవై ఏడు. సీరియళ్ళలో పెళ్ళి సీను పెడితే వెనక వరసలో పట్టుచీరతో కూర్చునే పెద్దావిడ. మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి ఆ పిలుపులూ పలచబడ్డాయి. ఒకప్పుడు మాత్రం కృష్ణా గుంటూరు జిల్లాల్లో నాటక పోటీ ఎక్కడ జరిగినా ఆవిడ పేరు ఉండాల్సిందే. సమాజాలన్నీ మగవాళ్ళవి. ఆడవేషం కోసం ఆవిణ్ణి పిలిపించుకునేవాళ్ళు. పోర్షన్ పోస్టులో వచ్చేది. పోటీ రోజు మధ్యాహ్నం బస్సు దిగి, తన సీన్లు రెండుసార్లు నడిపి చూసుకుని, సాయంత్రం స్టేజీ ఎక్కేది. ఒకే పందిట్లో మూడు సమాజాలకి మూడు వేషాలు. మొదటి నాటకంలో తన పని అవగానే మేకప్ గదికి పరుగెత్తి, చీర మార్చుకుని రెండోదానికి తయారు కావాలి. అందుకే తను ఆడిన నాటకాల్లో సగం ఎలా ముగుస్తాయో ఆవిడకి తెలియదు.

సుభద్ర కథ అలాంటిదే. ఆఫీసుకి వెళ్తూ బయటి నుంచి గొళ్ళెం పెట్టుకుని పోయే మొగుడు. తొమ్మిదేళ్ళు లోపలే ఉన్న సుభద్ర ఒక ఆదివారం మొగుడూ, మామగారూ, మొగుడి స్నేహితుడూ పేకాడుకుంటున్న గదిలోకి వచ్చి నిలబడుతుంది. గొళ్ళెం మీరు పెట్టారు, అలవాటు నేను పడ్డాను, మీ తప్పు మీ దగ్గరే ఉంచుకోండి, నా తప్పు నేను తీసుకుపోతున్నాను అని చెప్పి, తలుపు తీసుకుని వెళ్ళిపోతుంది. పోర్షన్ పుస్తకంలో ఆ తర్వాత అంతా తెల్ల కాగితం.

"సుభద్ర ఎళ్ళిపోయినంక ఏమైతదమ్మా?" అని స్ఫూర్తి ఒకసారి అడిగింది.

"నేనెక్కడ చూశానే. అప్పటికి ఇంకో సమాజం వాళ్ళ విధవ వేషానికి బొట్టు చెరుపుకుంటూ ఉండేదాన్ని. చప్పట్లు మాత్రం మేకప్ గది దాకా వినపడేవి. కాసేపటికి నవ్వులు. జనం ఏడుస్తూ ఇళ్ళకి పోకూడదని పంతులు చివర్లో ఏదో కామెడీ పెట్టుంటాడు."

సుభద్ర మాటలే ఊరూరా చెప్పీ చెప్పీ, ఒక ఎండాకాలం లీలాకుమారి తన మొగుడికి కూడా చెప్పింది. ఒక్క ముక్క మార్చలేదట. అప్పటికి ఆవిడకి ముప్ఫై నాలుగు. రేకు పెట్టె ఒకటి పట్టుకుని హైదరాబాదు రైలెక్కింది. భయం వెయ్యలేదా అని స్ఫూర్తి అడిగితే, ఆవిడ చేతిలోని గిన్నె బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఎందుకు వెయ్యదూ. వణికిపోయాను. కానీ సుభద్ర వెళ్ళింది కదా అనుకున్నా. ఆవిడ ఎక్కడో బతికే ఉంటుంది కదా. ఆవిడ బతగ్గా లేంది నాకేం."

కళాశాలలో సుభద్ర వేషం పాఠంగా పెడతారట, నేర్పడానికి మిమ్మల్నే పిలుస్తారట అని స్ఫూర్తి వచ్చి చెప్పింది. ఆ సాయంత్రమే లీలాకుమారి కళ్ళజోడుకి విరిగిన కాడ మార్పించుకొచ్చింది. పిల్లలకి ముందు ఆగడం నేర్పుతానంది. మాట్లాడటం ఎవరైనా మాట్లాడతారు, అవతలివాడి మాట అయ్యేదాకా ఒళ్ళంతా చెవి చేసుకుని ఆగడమే కష్టమంది.

*

ఇక కావలసింది నాటకం మొత్తం. సమాజాల్లో పూర్తి ప్రతి ఒక్కరి దగ్గరే ఉండేది. వేరే సమాజం వాళ్ళు ఎత్తుకుపోతారని నటులకి పోర్షన్లే ఇచ్చి, మొత్తం పుస్తకం తెర పక్కన నిలబడి మాట అందించే ప్రాంప్టరు చేతిలో పెట్టేవాళ్ళు. ఆ సమాజం ప్రాంప్టరు పట్టాభిరామయ్య కూడా ఈ ఊళ్ళోనే ఉన్నాడనీ, సినిమాల్లో అదే పని చేస్తున్నాడనీ లీలాకుమారి చెప్పింది.

గురువారం స్ఫూర్తి ఆయన్ని జూబ్లీహిల్స్‌లో, షూటింగులకి అద్దెకిచ్చే ఒక బంగళాలో పట్టుకుంది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి సోఫా వెనక గొంతుక్కూర్చుని, తెలుగు రాని హీరోయిన్‌కి ఒక్కో మాట అందిస్తున్నాడు. ఆ అమ్మాయి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని పెదాలు కదుపుతోంది. ఆ మాటలు ఆమెవీ కావు, ఆయనవీ కావు. షాటు అయ్యాక ఆయన సోఫా పట్టుకుని లేచి, జెనరేటర్ బండి పక్కకి వచ్చి టీ గ్లాసు అందుకున్నాడు.

లీల బాగుందా అని అడిగాడు. వచ్చిన పని వినగానే గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆ నాటకం ఎందుకమ్మా ఇప్పుడు? నాటకాలకి కరువొచ్చిందా?"

స్ఫూర్తి జవాబు చెప్పకుండా నిలబడింది. అలా నిలబడటం ఆమెకి చేతనైన పని. ఆయన రెండోసారి పిలుపు వచ్చి లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటికి వచ్చేదాకా అక్కడే ఉంది. సాయంత్రం ఆరింటికి ఆయన చివరికి, పద, ఇంటికి పోదాం అన్నాడు.

ఆయన ఇల్లు ఫిల్మ్‌నగర్ బస్తీలో, బండరాయిని గోడగా పెట్టుకుని కట్టిన ఒంటి గది. మంచం కింద నుంచి పెట్టె లాగి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పొడుగు నోటు పుస్తకం తీశాడు. సిరా గోధుమ రంగుకి తిరిగింది. అంచుల్లో ఎర్ర పెన్సిలు గుర్తులు. ఇచ్చినట్టే ఇచ్చి, పుస్తకం ఒక కొస వదల్లేదు.

"చివరి ఆరు పేజీలు లీలకి చూపించకు. చూపించకుండా ఉండగలిగితే పట్టుకుపో. లేకపోతే ఇక్కడే ఉండనీ."

స్ఫూర్తి గడపలో కూర్చుని, ఉన్న వెలుతురులో ఆ ఆరు పేజీలూ చదివింది. సుభద్ర వెళ్ళిపోయాక మగవాళ్ళు ముగ్గురూ తలుపు వైపు చూస్తారు. తర్వాత స్నేహితుడు కుర్చీ మీది తువ్వాలు తీసి పైటలా వేసుకుంటాడు. నడుం తిప్పుతూ, ముక్కుతో మూలుగుతూ సుభద్ర మాటలన్నీ అదే వరసలో తిరిగి చెబుతాడు. గొళ్ళెం మీరు పెట్టారు, అలవాటు నేను పడ్డాను. మామగారు నవ్వుతాడు. మొగుడు నవ్వుతాడు. పేక ముక్కలు మళ్ళీ పంచుతారు. మొదటి ఆట అయ్యేలోపు తలుపు చప్పుడవుతుంది. స్నేహితుడు లేవబోతే మొగుడు చెయ్యి పట్టుకుని ఆపి, "ఎక్కడికి పోతుందిరా. గొళ్ళెం బయటే ఉంది, అలవాటేగా, తీసుకుని రమ్మను," అంటాడు. తెర.

తలుపు చప్పుడు అన్న చోట, అంచులో ఎర్ర పెన్సిలుతో '3 సార్లు' అని రాసి ఉంది.

"కొట్టేది నేనే," అన్నాడు పట్టాభిరామయ్య, మంచం మీద నుంచి. కుడిచేతి వేళ్ళ కణుపులు చూపించాడు. "లీల అప్పటికే మేకప్ గదిలో ఉండేది కదా. ఎవరో ఒకరు కొట్టాలి. పక్క చెక్క మీద కొట్టేవాణ్ణి. జనం ఎలా నవ్వేవారనుకున్నావు. ఆ నవ్వుకే బహుమతులన్నీ వచ్చాయి."

"ఆమెకు ఎన్నడు చెప్పలేదా?"

"మొదట్లో చెప్పాల్సిన పని పడలేదు. ఆవిడ వేషం ఆవిడది. తర్వాత ఆవిడ ఇల్లొదిలి వచ్చేసింది." ఆయన పెట్టెను కాలితో మంచం కిందికి తోశాడు. "ఇక ఎలా చెప్పను?"

*

శుక్రవారమంతా స్ఫూర్తి కళాశాల కంప్యూటర్లో నాటకం టైపు చేసింది. సుభద్ర తలుపు తీసుకుని వెళ్ళిపోయే చోటికి వచ్చి ఆగింది. అక్కడ తెర అని ఒక్క మాట కొడితే సరిపోతుంది. అచ్చు కాని నాటకం. రాసినాయన లేడు. అడిగేవాళ్ళు లేరు. ఆ ఒక్క మాటకీ ఆమె వేలికీ మధ్య మధ్యాహ్నం భోజనాల వేళ మొత్తం గడిచిపోయింది. చచ్చిపోయిన మనిషి రాసుకున్నదాన్ని తనకి నచ్చినట్టు తెంపుకునే హక్కు తనకెక్కడిదనిపించింది. పూర్తి ప్రతి అని చెప్పి సగం పంపితే, ముక్కలు తెంపుకునే సూర్యప్రకాశరావుకీ తనకీ తేడా ఏముందనీ అనిపించింది. ఆరు పేజీలూ కొట్టింది. '3 సార్లు' కూడా కొట్టింది.

లీలాకుమారి సంగతికి ఇంకో దారి ఆలోచించుకుంది. చదువుతున్నప్పుడు సుభద్ర మాటలు అవగానే ఆవిణ్ణి ఆఫీసు గదికి తీసుకుపోయి, గెస్ట్ టీచరు ఫారాలు నింపించి, ఫొటో తీయించమని గుమస్తాకి చెప్పి పెట్టింది. ఇరవై నిమిషాల పని. అంతలో ఇటు తెర పడిపోతుంది. ఇన్నేళ్ళూ జరిగినట్టే జరిగిపోతుంది.

శనివారం ఆటోలో లీలాకుమారి మాట్లాడుతూనే ఉంది. జరీ అంచు లేత ఆకుపచ్చ చీర కట్టుకుని, పోర్షన్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. అక్కర్లేదు, నోటికి వచ్చు, అయినా తెచ్చుకుంది. చెక్‌పోస్టు దగ్గర సిగ్నలు పడి ఆటో ఆగినప్పుడు, పట్టాభి దగ్గర పుస్తకం దొరికింది కదా, చివర ఏముంది, చదివావా అని అడిగింది.

స్ఫూర్తి సిగ్నలు వైపు చూసింది. అరవై రెండు సెకన్లు ఉన్నాయి అందులో, ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. చెప్పాలంటే అంత టైము చాలు.

"టైపు కొట్టుడే సరిపోయిందమ్మా. మంచిగ చదవలే," అంది.

*

పిల్లలు కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. మొగుడి వేషం ఒకడు, మామగారు ఒకడు, స్నేహితుడి వేషం నిఖిల్ చదువుతున్నారు. నిఖిల్ అనుకరణలో గట్టివాడు, కాలేజీలో ఎవరి గొంతయినా దించుతాడు. సూర్యప్రకాశరావు ముందు వరసలో కాలు మీద కాలేసుకుని ఫోను చూసుకుంటున్నాడు.

లీలాకుమారి రెండో రంగంలో నోరు విప్పాక ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ కూర్చోలేదు. మోకాలి నొప్పి ఏ మూల దాచుకుందో, పొయ్యి దగ్గర నుంచి తలుపు దాకా, తలుపు దగ్గర నుంచి కిటికీ దాకా లేని ఇంట్లో నడిచింది. పిల్లలు మాట చదువుతుంటే వాళ్ళ మొహం చూస్తూ ఆగింది. ఆ ఆగడంలో క్లాసంతా ఆగిపోయింది. గొళ్ళెం మీరు పెట్టారు అన్నప్పుడు గొంతు పెంచలేదు. చివరి మాట చెప్పి, నిజం తలుపు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. తలుపు వెనకే మూసుకుంది. ఆడపిల్లల్లో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

స్ఫూర్తి గోడ వారగా నిలబడి, వరండాలో గుమస్తా మాటలు వినపడతాయేమోనని చూస్తోంది. తలుపు మెల్లగా తెరుచుకుంది. లీలాకుమారి చప్పుడు కాకుండా లోపలికి వచ్చి, ముందు వరసలో సూర్యప్రకాశరావు పక్క కుర్చీలో కూర్చుంది.

"ఫారాలు తర్వాత నింపుతానన్నానమ్మా," అంది, చిన్న గొంతుతో స్ఫూర్తికి వినపడేలా. "ఇవాళ నాకింకో మేకప్ లేదుగా. కూర్చుని చూస్తాను."

నిఖిల్ చున్నీ ఒకటి అడిగి తీసుకుని భుజాన వేసుకున్నాడు.

వాడు బాగా చేశాడు. ఐదు నిమిషాల కిందటి ఆవిడ నడక, ఆవిడ మెడ వంపు, తలుపు గడియ మీద చెయ్యి వేసిన తీరు అన్నీ పట్టేశాడు. ముక్కుతో గొళ్ళెం మీరు పెట్టారు అనగానే క్లాసు గొల్లుమంది. ఇందాక కళ్ళు తుడుచుకున్న పిల్లలు కూడా నవ్వారు. లీలాకుమారి కూడా నవ్వింది. మొదట నవ్వింది. కామెడీ అంటే ఇదా అన్నట్టు తల ఊపుతూ నవ్వింది. రెండో మాటకి నవ్వు పెదాల మీదే ఉంది. మూడో మాటకి ఆవిడ ఒళ్ళోని పుస్తకం మూసేసింది.

పేక పంచారు. తలుపు చప్పుడు అని రాసి ఉన్న చోట పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఎవరు కొట్టాలో ఎవరూ అనుకోలేదు. స్ఫూర్తి తలుపు పక్కనే ఉంది, కదల్లేదు. సూర్యప్రకాశరావు వేళ్ళు మడిచి తన కుర్చీ చేతి మీద మూడుసార్లు కొట్టాడు. మొగుడు వేషం కుర్రాడు చివరి మాట చదివాడు. నవ్వులు, చప్పట్లు.

"ఐదోది ఇదే," అన్నాడు సూర్యప్రకాశరావు లేచి. "ఆ అనుకరణ ముక్క ఉంది చూశావూ, ఏ డైరెక్టరు ముందు చేసినా పడిపోతాడు. ఎక్కడ దొరికిందమ్మా నీకు ఈ నాటకం?"

నిఖిల్ వచ్చి లీలాకుమారి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. "మీ వాయిస్ మంచిగ పట్టుకున్ననా మేడమ్?"

"పట్టుకున్నావు నాన్నా," అంది ఆవిడ. "ఆగాల్సిన చోట ఆగలేదు. అంతే."

*

మూడు అంతస్తులూ దిగేటప్పుడు లీలాకుమారి ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి దిగింది. రెండో అంతస్తు దగ్గర, జిమ్ములో ఇనుప బరువులు కింద పడుతున్న చోట, రెయిలింగు పట్టుకుని నిలబడింది.

"తలుపు కొట్టింది ఎవరే?"

"సుభద్ర," అంది స్ఫూర్తి.

"అది తెలుస్తూనే ఉంది. నేను మేకప్ గదిలో ఉండేదాన్ని కదా. ఎవరు కొట్టేవారు?"

స్ఫూర్తి పట్టాభిరామయ్య పేరు చెప్పింది. లీలాకుమారి తల ఊపింది. ఆయన మీద కోపం వచ్చినట్టు లేదు. లోపల ఏదో లెక్క చూసుకుంటున్నట్టు కాసేపు పెదాలు కదిపింది.

"నాలుగు వందల ఆటలకి తక్కువ ఉండదు," అంది. "నాలుగు వందల సార్లు వెనక్కి వచ్చేశానన్నమాట."

ఇంకో నాలుగు మెట్లు దిగాక, వెనక్కి తిరక్కుండానే అడిగింది. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"గురువారం."

"ఇవాళ శనివారం," అంది లీలాకుమారి.

సోమవారం పొద్దున్నే స్ఫూర్తి సూర్యప్రకాశరావు గదికి వెళ్ళి, ఆ నాటకం తీసేద్దాం సర్ అంది. ఆయన నవ్వి, జాబితా నిన్ననే పంపించేశానమ్మా, ఇంత మంచిది తెచ్చి నువ్వే భయపడితే ఎలా అన్నాడు. లీలాకుమారి మోకాళ్ళ వల్ల మెట్లు ఎక్కలేనని ఫోన్లోనే చెప్పేసింది. టైం టేబుల్లో ఆవిడ పేరు కొట్టేసి స్ఫూర్తి పేరు రాశారు.

ఆవిడ స్ఫూర్తితో మాట్లాడటం మానలేదు. కూర చేస్తే గిన్నెలో పెట్టి ఇచ్చేది. జ్వరం వస్తే పాలు కాచి తెచ్చేది. పొద్దున్నే గోడ అవతల అంట్ల చప్పుడు మాత్రమే ఉండేది. స్ఫూర్తి జడ వేసుకుంటూ చాలాసేపు వినేది. ఎంతసేపు ఆగినా అవతల ఎవరూ అందుకునేవాళ్ళు కారు.

"ఏందమ్మా, ముసలామె కొట్లాట బంద్ వెట్టింది?" అని బుచ్చమ్మ ఒకరోజు మెట్ల దగ్గర ఆపి అడిగింది. "మొగడు గిట్ల వచ్చిండా ఏంది?"

జులైలో కొత్త కోర్సు క్లాసులు మొదలయ్యాయి. ఐదో నాటకం ఆగస్టులో వచ్చింది. సుభద్ర వేషం చదివిన అమ్మాయి తొందర తొందరగా మాటలు చెప్పేసి, తలుపు తీసుకుని వరండాలోకి పోయి, అక్కణ్ణించి నీళ్ళు తాగడానికి పోయింది. నిఖిల్ చున్నీ వేసుకున్నాడు. పేక పంచారు. అందరూ స్ఫూర్తి వైపు చూశారు.

"మేడమ్, తలుపు," అన్నాడు నిఖిల్.

ఆమె తలుపు పక్కనే నిలబడి ఉంది. చేతిలో తను టైపు చేసిన కాగితాలే ఉన్నాయి. లీలాకుమారి ఎంతసేపు ఆగేదో అంతసేపూ ఆగింది. వరండాలోంచి ఎవరూ రాలేదు. వేళ్ళు మడిచి చెక్క మీద కొట్టింది. ఒకటి. రెండు.

మూడోది కొట్టకముందే నవ్వు మొదలైంది.